పుట్టగొడుగు, కుక్కగొడుగు, మధ్యలో ఒక రాజుగారు

మన పత్రికల్లో అరిగిపోయిన ఉపమానాలకు పోటీ పెడితే మొదటి బహుమతి "పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి" అన్నదానికే ఇవ్వాలి. ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి, ఇప్పుడు శ్రీశైలం రోడ్డు వెంబడి వెంచర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి. నేను చదివిన కాలేజీ కూడా అలా మొలిచినదే కాబట్టి ఆ మాట మీద నాకు కాస్త ప్రత్యేకమైన అభిమానం ఉంది :-)

ఈ ఉపమానంలో ఒక తిరకాసు ఉంది. "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని పదేపదే వినీ వినీ, పుట్టగొడుగులోని "పుట్ట"కూ "పుట్టడం" అనే క్రియకూ చుట్టరికం అంటగట్టేశాం. మా టీములో ఉన్న తెలుగువాళ్ళని అడిగి చూశాను. ఎక్కువమంది "టక్కున పుడుతుంది కాబట్టి పుట్టగొడుగు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, బాచుపల్లిలోనో గచ్చిబౌలిలోనో పెరిగినవాడికి పుట్ట ఎక్కడ కనిపిస్తుంది? కానీ పదం చాలా సూటిగా ఉంది. పుట్ట అంటే చెదల పుట్ట. దాని మీద లేచే గొడుగు పుట్టగొడుగు. తమిళంలో పుఱ్ఱు, కన్నడంలో హుత్త, మనకి పుట్ట, మూడూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చినవి. అలాగే తమిళ కుడై, కన్నడ కొడె, మన గొడుగు ఒక తల్లి పిల్లలు. అంటే రెండు ముక్కలూ అచ్చంగా మనవే, సంస్కృతాన్ని ఏమీ అరువు అడగలేదు.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మాది కల్వకుర్తి దగ్గర పల్లెటూరు. (కల్వకుర్తి అంటే తెలియనివాళ్ళకి: 1989లో ఎన్టీఆర్‌ని ఓడించిన నియోజకవర్గం. మా జిల్లా మహబూబ్‌నగర్, 2016 నుంచి నాగర్‌కర్నూల్. మా నాయిన ఇప్పటికీ పాలమూరనే అంటాడు.) మా ఊళ్ళో వానకి పట్టుకునేదాన్ని గొడుగు అనరు, ఛత్రి అంటారు. నిజాం కాలం ఉర్దూ మా నోళ్ళలో మిగిల్చిన వందల మాటల్లో అదొకటి. అసలు మా తాత తరంలో ఛత్రి కూడా తక్కువే. గొర్లకాడికి పోయినా చేన్లకి పోయినా గొంగడి కొప్పెర వేసుకుని పోవడమే. అలాంటి ఊళ్ళో "గొడుగు" అన్న తెలుగు మాట పాఠ్యపుస్తకం బయట బతికింది ఒకే ఒక్క చోట, పుట్ట మీద. ఇంట్లో ఛత్రి, పుట్ట మీద గొడుగు. చిన్నప్పుడు నాకు ఈ రెండూ ఒకటేనని తోచనే లేదు.

మా నాయినమ్మ దగ్గర (మేము అవ్వ అంటాం) ఇంకో మాట ఉంది, కుక్కగొడుగు. నిఘంటువులు తిప్పితే పుట్టగొడుగుకీ కుక్కగొడుగుకీ పెద్ద తేడా కనబడదు, ఒకదానికి అర్థంగా ఇంకోటి ఇచ్చేస్తారు. మా అవ్వకి మాత్రం అవి రెండూ భూమ్యాకాశాలంత దూరం. "పుట్టలకెల్లి లేసిందే తినాలె బిడ్డా. పెంట మీద మొలిసినయి, కట్టెల మీద మొలిసినయి కుక్కగొడుగులు, ముట్టద్దు." మా ఇంట్లో వర్గీకరణ శాస్త్రం మొత్తం ఇంతే. పేరు చెబితే తినొచ్చో లేదో తెలిసిపోవాలి. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే వేరియబుల్ పేరులోనే దాని టైపు కూడా ఉందన్నమాట.

మొలిచే చోటుని బట్టి పుట్టగొడుగుల్ని విడదీయడం మా అవ్వ సొంత సిద్ధాంతం మాత్రం కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఆహార పదార్థాల గురించి చెప్పేచోట వీటిని గడ్డి మీద మొలిచేవి, చెరకు మీద మొలిచేవి, పేడ మీద మొలిచేవి, వెదురు మీద మొలిచేవి, నేలలోంచి లేచేవి అని విడగొట్టి, వేటి గుణం ఏమిటో చెప్పారు. రంగుని బట్టి కాదు, ఆకారాన్ని బట్టి కాదు, పుట్టిన చోటుని బట్టి. నాకిది చదివినప్పుడు భలే ముచ్చటేసింది.

ఇంతకీ ఈ కుక్క ఎక్కడినుంచి వచ్చింది? ఇదే నన్ను చాలా రోజులు తొలిచిన ప్రశ్న. ఎందుకంటే కుక్క మన ఒక్కళ్ళకే లేదు. కన్నడంలో నాయికొడె అంటే కుక్కగొడుగే. తమిళంలో నాయ్‌క్కుడై, అదీ కుక్కగొడుగే. మరాఠీలో కుత్ర్యాచీ ఛత్రీ, మళ్ళీ కుక్కగొడుగే. గమనించాల్సింది ఏమిటంటే, ఈ భాషల్లో కుక్కకి వాడే మాటలు ఒకదానికొకటి సంబంధం లేనివి. మనకి కుక్క, తమిళ కన్నడాలకి నాయి, మరాఠీకి కుత్రా. కాబట్టి ఇది ఒక భాషలోంచి ఇంకో భాష మాటని ఎత్తుకుపోయిన కేసు కాదు. ఎత్తుకుపోయింది ఊహని. దక్కను అంతటా సంతల్లో, బండిబాటల్లో, గొర్రెల మందల వెంట ఆ ఊహ తిరుగుతూ ఉంటే, ఎవడి భాషలో వాడు దాన్ని తిరగరాసుకున్నాడు. బెంగాలీ వాళ్ళు మాత్రం కుక్కని వదిలేసి కప్పని పట్టుకున్నారు. వాళ్ళకి బ్యాంగేర్ ఛాతా, కప్ప గొడుగు. ఇంగ్లీషువాళ్ళ టోడ్‌స్టూల్‌లోనూ కప్పే, కాకపోతే వాళ్ళకది పీట.

హిందీ వాళ్ళు ఏ మొహమాటమూ పెట్టుకోకుండా కుకుర్‌ముత్తా అన్నారు, కుక్క ఉచ్చ పోసినచోట మొలిచేది అని. నిరాలా 1940ల్లో ఆ పేరుతోనే ఒక కవిత రాశాడు. అందులో కుకుర్‌ముత్తా తోటలోని గులాబీని నిలబెట్టి తిడుతుంది. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా బతికేవాడు, ఎరువు తిని బలిసినవాణ్ణి నిలదీసినట్టు.

మన కుక్కగొడుగుని కూడా చాలామంది ఈ హిందీ కథతోనే సర్దేస్తుంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. తెలుగులో మొక్కల పేర్ల ముందు కుక్క ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. తులసి ఉంది, కుక్కతులసి ఉంది. వామింట ఉంది, కుక్కవామింట ఉంది. కుక్కతులసి కుక్క ఉచ్చ పోసినచోట మొలిచేదేం కాదు. ఇంట్లో కోటలో పెట్టుకునే అసలు తులసి కాదు, దానిలాగే ఉండే బయటి రకం, అంతే. ఇంగ్లీషులో డాగ్ వయొలెట్ అన్నదీ ఇలాంటి అర్థంలోనే. ఒక మంచి రకం, దానిలా కనిపించే పనికిరాని రకం ఉంటే రెండోదానికి కుక్క తగిలిస్తారు. ఈ లెక్కన కుక్కగొడుగు అంటే "పుట్టగొడుగు లాంటిదే, కానీ అది కాదు" అని. మా అవ్వ వాడకానికి ఇది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. నా ఓటు దీనికే.

అయితే కుక్క వెనక ఇంకో వాసన కూడా ఉంది, అది దాచడం ఎందుకు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడనివాటి జాబితాలో వెల్లుల్లి, ఉల్లితో పాటు పుట్టగొడుగులు కూడా ఉన్నాయి. ఒకచోట కవకం అని, ఇంకోచోట ఛత్రాకం అని. తెలిసి తింటే పతితుడవుతాడని కూడా ఉంది. ఊరి పంది, ఊరి కోడి పక్కన కూర్చోబెట్టారు పాపం దాన్ని. ఎవరు తినకూడదో రాసిపెట్టారు గానీ, తినేవాళ్ళు మాత్రం ఎప్పుడూ తింటూనే ఉన్నారు. మా ఊళ్ళో వానాకాలం పొద్దున్నే పుట్టల దగ్గరికి పోయేవాళ్ళు ఎవరంటే గొర్లు కాసేవాళ్ళు, కూలికి పోయే ఆడవాళ్ళు. మా ఇంటికి కూడా వాళ్ళ దగ్గరినుంచే వచ్చేవి, గిద్దెడో సోలెడో జొన్నలకు బదులుగా. కాబట్టి అసహ్యంతో పెట్టిన పేరా, జాగ్రత్త కోసం పెట్టిన పేరా అంటే, చెప్పేవాడి ఇల్లెక్కడో చూసి చెప్పాలి.

సంస్కృతం ఎత్తాను కాబట్టి ఇంకో మాట. మనం స్కూల్లో చదివిన శిలీంధ్రం. సైన్సు పుస్తకంలో ఫంగస్‌కి పెట్టిన తెలుగు. దానికి సంస్కృత నిఘంటువుల్లో పుట్టగొడుగుతో పాటు అరటిచెట్టు, ఒకరకం చేప అని కూడా అర్థాలున్నాయి. నేను ఆరో తరగతిలో "శిలీంధ్రములు పత్రహరితము లేని జీవులు" అని బట్టీ పట్టి, ఆ సాయంత్రం ఇంటికి పోయి పుట్టగొడుగుల కూర తిన్నాను. రెండూ ఒకటేనని ఏ సారూ చెప్పలేదు. కాళిదాసు మేఘదూతంలో ఈ మాట ఎంత అందమైన చోట వస్తుందో తెలిసుంటే అంత కోపం వచ్చేది కాదు. మేఘం ఉరిమితే నేల పుట్టగొడుగులతో పులకరించి, పంటకు సిద్ధమవుతుందన్న ఊహ పూర్వమేఘంలో ఉంది. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా ఊళ్ళోనూ అంటారు. కాళిదాసు చదివి అన్న మాట కాదది.

ఇప్పుడు పుట్ట లోపలికి పోదాం, అసలు సరుకు అక్కడే ఉంది.

సుమతి శతకం పుణ్యమా అని పుట్టలు చీమలు పెడతాయని మనందరి బుర్రల్లో పడిపోయింది. పెట్టేవి చెదలు. చెదలు, చీమలు ఒక జాతి కూడా కాదు, చెదలకు దగ్గరి చుట్టం బొద్దింక. మన మెట్టపొలాల్లో పుట్టలు పెట్టే చెదల్లో చాలా రకాలు రైతులు. ఇది నేను కవిత్వం కోసం అనట్లేదు. ఎండు ఆకులు, గడ్డి, కట్టె కొరికి తెచ్చి, నమిలి, తమ రెట్టతో పుట్ట అడుగున గదుల్లో స్పాంజి లాంటి తెట్టెలు కడతాయి. ఆ తెట్టెల మీద ఒక బూజుని పెంచుతాయి. కట్టెలో అరగని భాగాన్ని ఆ బూజు అరిగించి పెడుతుంది, బూజు మీద లేచే తెల్లటి పూసల్ని చెదలు తింటాయి. ఆ బూజు పుట్ట బయట తనంతట తాను బతకలేదు, బూజు లేకపోతే చెదలు బతకవు. ఈ ఒప్పందం ఆఫ్రికాలో దాదాపు 3 కోట్ల ఏళ్ళ కింద మొదలైందని అంచనా. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి పదీ పన్నెండు వేల ఏళ్ళే.

మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడి నేల నానాక, అదే పుట్టలోంచి ఒక సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి. రెక్కలొచ్చిన చెదలన్నమాట. ఆ వానల్లోనే లోపలి బూజు కూడా మట్టిని చీల్చుకుంటూ ఒక పొడుగాటి వేరు లాంటి కాడని పైకి పంపుతుంది. కాడ చివర ముందు మొన, తర్వాత గొడుగు. అదే మన పుట్టగొడుగు. తవ్వుకుంటూ పోతే ఆ కాడ జానెడు, మూరెడు లోతున చెదల గదిలోకి పోయి ఆగుతుంది. మా ఊరివాళ్ళు దాన్ని పీకరు, మెల్లగా మట్టి తీసి కోస్తారు. మళ్ళీ ఏడు అదే పుట్ట దగ్గరికి పోవాలి కదా.

ఈ బూజు జాతికి 1942లో రోజర్ హీమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. లాటిన్ చెద, గ్రీకు పుట్టగొడుగు కలిపి కుట్టిన మాట. అక్షరాలా చెదగొడుగు. తెలుగువాడు పుట్టనీ గొడుగునీ కలిపి కుట్టినట్టే.

ఆయన కంటే చాలా ముందే మన దక్షిణాదిలో ఒకాయన పుట్టలు తవ్వి చూశాడు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. 1768లో తరంగంబాడిలో డేనిష్ వాళ్ళ దగ్గర వైద్యుడిగా చేరి, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. తంజావూరు ప్రాంతపు చెదల మీద 1779లో ఒక వ్యాసం అచ్చువేసి, పుట్ట లోపలి బూజు తెట్టెల్ని అందులో వర్ణించాడు. చెదల తోటల గురించి మన దేశం నుంచి వెళ్ళిన తొలి శాస్త్రీయ వర్ణన అదే. ఆయన 1785లో చనిపోయింది ఎక్కడో కాదు, మన కాకినాడ జగన్నాథపురంలో. అప్పట్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆయన స్నేహితుడు. ఉప్సాలాలో మొదలైన చదువు పుట్టల మీదుగా కాకినాడలో ముగిసింది. (గోదావరి జిల్లాల వాళ్ళు వీటిని పుట్టకొక్కులు అంటారు. అక్కడా పుట్ట మాత్రం వదల్లేదు చూడండి.)

స్వీడన్ మాట వచ్చింది కాబట్టి రాజుగారి సంగతి కూడా చెప్పేస్తాను. ప్రాజెక్టు పని మీద నాలుగు నెలలు స్టాక్‌హోంలో ఉన్నాను. ఆగస్టు, సెప్టెంబరులో అక్కడ సోమవారం పొద్దున కాఫీ దగ్గర బగ్గుల గురించి ఎవరూ మాట్లాడరు, వారాంతంలో అడవిలో ఎన్ని పుట్టగొడుగులు దొరికాయన్నదే మాట. వాళ్ళకి పుట్టగొడుగుకి మామూలు మాట స్వాంప్. ఒళ్ళు రుద్దుకునే స్పాంజికి కూడా అదే మాట. పసుపుపచ్చగా ఉండే కాంతరెల్ అనే రకానికి పేరు గ్రీకు పానపాత్ర నుంచి వచ్చింది, ఆకారం అలా ఉంటుంది. అన్నిటికంటే గొప్పది కార్ల్ యూహాన్ స్వాంప్. అదేదో ఆసామి పేరనుకున్నాను. ఆసామి కాదు, రాజు.

నెపోలియన్ దగ్గర మార్షల్‌గా పనిచేసిన బెర్నడోట్ అనే ఫ్రెంచి సైనికుణ్ణి 1810లో స్వీడన్ తన యువరాజుగా ఎన్నుకుంది, 1818లో కార్ల్ యూహాన్ అన్న పేరుతో రాజయ్యాడు. ఈ రోజు అడవుల మీద పడి ఏరుకునే స్వీడన్ వాళ్ళు, అప్పట్లో పుట్టగొడుగులంటే పెద్దగా ఇష్టపడేవాళ్ళు కాదు. ఫ్రాన్సు నుంచి వచ్చిన రాజు ఇష్టంగా తిన్నాడు, పెద్దింటివాళ్ళు రాజుని చూసి తిన్నారు, మెల్లగా ఊరంతా తిన్నది, ఆ రకానికి రాజు పేరే స్థిరపడింది. మన దగ్గర గొడుగు అంటేనే రాజలాంఛనం, శ్వేతఛత్రం లేనిదే పట్టాభిషేకమే లేదు. అయినా అడవి గొడుగుకి ఏ కాకతీయుడి పేరూ, ఏ కుతుబ్‌షాహీ పేరూ పెట్టుకోలేదు. దొరికింది ఒక పుట్ట, ఒక కుక్క. నిజం చెప్పాలంటే మన పేర్లే పనికొచ్చేవి. కార్ల్ యూహాన్ అన్న పేరు విన్నంత మాత్రాన అది ఎక్కడ మొలుస్తుందో, ఏది కాదో ఎవడికీ తెలియదు.

ఇప్పుడు దిగులుపడే సంగతి. తెలుగు పత్రికల్లో, టీవీల్లో, పాలిథిన్ డబ్బాల మీద అన్నిటికీ ఒకటే పేరు మిగిలింది, పుట్టగొడుగు. కట్టె మీద మొలిచింది పుట్టగొడుగు, పెరట్లో గడ్డిలో మొలిచింది పుట్టగొడుగు, తిని ఆస్పత్రి పాలైతే "విషపు పుట్టగొడుగులు". మా అవ్వ లెక్కలో విషపు పుట్టగొడుగు అన్న మాటకి అర్థమే లేదు, విషం ఉంటే అది కుక్కగొడుగు. మాటలో ఉన్న హెచ్చరిక బోర్డుని మనమే పీకేశాం. అలాగని పేరొక్కటే నమ్ముకుని ఎవరూ ఏరుకోవద్దు. మన పచ్చిక బయళ్ళలో వానకు లేచే ఒక తెల్లటి విషరకం దూరం నుంచి చూస్తే అచ్చం పుట్టగొడుగులాగే ఉంటుంది. వెల్లుల్లి వేస్తే నల్లబడుతుంది, వెండి వేస్తే తెలుస్తుంది లాంటివన్నీ ఉత్త కబుర్లు. అమానిటా జాతిలోని కొన్నిటి విషం వండినా పోదు. తిన్నాక ఆరు గంటలో పన్నెండు గంటలో ఏమీ కాదు, "బాగానే ఉన్నాం కదా" అనుకునేలోపు కాలేయం దెబ్బతింటుంది. మా ఊరి ఆడవాళ్ళు పేరుతో పాటు పుట్టని చూసేవాళ్ళు, కాడ లోతుని చూసేవాళ్ళు, నిరుడు అక్కడే లేచిందా అని గుర్తుచేసుకునేవాళ్ళు. ఆ మూడూ కలిపితేనే ఆ పేరు.

పుట్టలే పోతున్నాయి మరి. కడ్తాల్, ఆమనగల్లు దాటి మా వైపు దాకా వెంచర్లు వచ్చేశాయి. ప్లాటు చదును చేసేటప్పుడు జేసీబీకి మొదట దొరికేది పుట్టే. నాగుల పంచమికి పాలు పోసే పుట్ట అయితే ఒకటి వదిలి చుట్టూ కంచె వేస్తారు. తక్కినవాటికి ఆ అదృష్టం లేదు. మళ్ళీ పెంచుదామా అంటే, ఈ బూజుని చెదలు లేకుండా పంటలా పండించడం వ్యాపార స్థాయిలో ఇంతవరకు ఎవరి చేతా కాలేదు. రాత్రికి రాత్రి లేచేది గొడుగు మాత్రమే. దాని కింద ఏళ్ళ తరబడి నడిచిన సేద్యం ఉంటుంది. కాలేజీలను పుట్టగొడుగులతో పోల్చేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. ఆ పోలిక కుక్కగొడుగులకు బాగా కుదురుతుంది.

మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు మా అవ్వకి మా ఆవిడ బటన్ మష్రూమ్ కూర వండిపెట్టింది. డబ్బా మీద తెలుగులో "పుట్టగొడుగులు" అని రాసి ఉంది. అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏ పుట్టది బిడ్డా?" అనడిగింది. పుట్ట కాదవ్వా, షెడ్లలో గడ్డీ కోళ్ళ ఎరువూ కుళ్ళబెట్టి దాని మీద పెంచుతారని చెప్పాను.

"అంటే పెంట మీదనే గదా," అని గిన్నె నా వైపు జరిపింది. "ఇవి కుక్కగొడుగులు. మీరే తినుండ్రి."